మానసిక జబ్బు ఉన్నవాళ్ళకి ఓటు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎన్నికలు దగ్గరపడితే చాలు, కేర్‌గివర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇవే ప్రశ్నలు మళ్ళీ మళ్ళీ వస్తాయి. మావాడికి ఓటు ఉంటుందా అండీ అని ఒకరు, డాక్టర్ సర్టిఫికెట్ అడుగుతారా అని ఇంకొకరు. ప్రతిసారీ విడివిడిగా టైప్ చేసే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను. నేను లాయర్ని కాదు, డాక్టర్నీ కాదు, స్కిజోఫ్రీనియా ఉన్న తమ్ముడికి అక్కని. చట్టం గురించి చెప్పేచోట చట్టంలో ఉన్నదే చెప్తాను, నా సొంత అభిప్రాయం ఎక్కడ దూరిందో మీకే తెలిసిపోతుంది.

మానసిక జబ్బు ఉంటే ఓటు హక్కు పోతుందా?

పోదు. డిప్రెషన్ అయినా, బైపోలార్ అయినా, స్కిజోఫ్రీనియా అయినా, జబ్బు ఉన్నంత మాత్రాన ఓటు పోదు. రాజ్యాంగం 326వ అధికరణ 18 ఏళ్ళు నిండిన ప్రతి పౌరుడికీ ఓటు ఇచ్చింది. చట్టం ద్వారా దాన్ని తీసెయ్యగల కారణాల్లో మతిస్థిమితం లేకపోవడం కూడా ఒకటని అందులోనే ఉంది, నిజమే. చాలామంది అక్కడిదాకా చదివి ఆగిపోతారు. అసలు మాట 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 16లో ఉంది: మతిస్థిమితం లేదు అని అర్హత ఉన్న కోర్టు ప్రకటించి ఉంటేనే ఓటర్ల జాబితాలోకి అనర్హులు. కోర్టు ప్రకటన లేకపోతే అనర్హత లేదు, అంతే.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 3లో ఇంకా తేటగా చెప్పారు. ఒకరికి మానసిక జబ్బు ఉందని తేలినంత మాత్రాన, కోర్టు ప్రకటిస్తే తప్ప, మతిస్థిమితం లేదని అనుకోకూడదు అని. ఈ చట్టం 2018 మే నుంచి అమల్లో ఉంది. అంటే డాక్టరు, తహశీల్దారు, బీఎల్ఓ (బూత్ స్థాయి ఎన్నికల అధికారి), పార్టీ ఏజెంటు, అమ్మానాన్న, అన్నావదిన, వీళ్ళెవరికీ ఈ విషయం తేల్చే అధికారం లేదు. ఆచరణలో మాత్రం ఓటు పోగొట్టేది ఎక్కువగా ఈ జాబితాలో ఉన్నవాళ్ళే, అందులోనూ చివరి నలుగురు.

కోర్టు అలా ప్రకటించిందో లేదో మాకెలా తెలుస్తుంది?

మీకు తెలియకుండా జరగదు. ఎవరో ఒకరు కోర్టుకి వెళ్ళాలి, విచారణ జరగాలి, ఆర్డరు రావాలి. పాత 1987 మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తి ఉన్న రోగి విషయంలో జిల్లా కోర్టు విచారణ చేసే పద్ధతి ఉండేది, అన్నదమ్ముల మధ్య పంపకాల గొడవల్లో అలాంటివి వచ్చేవి. మీ ఇంట్లో అలాంటి కేసు ఎప్పుడూ నడవకపోతే ఈ ప్రశ్నని పక్కన పెట్టెయ్యండి. విడాకుల పిటిషన్లో అవతలివాళ్ళు "మతి సరిగా లేదు" అని రాయించారని ఒక అమ్మాయి భయపడింది, ఓటు పోతుందేమోనని. పిటిషన్లో ఎవరైనా ఏమైనా రాయిస్తారు, అది ఆరోపణే తప్ప కోర్టు ప్రకటన కాదు.

నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కమిటీ ఇచ్చే గార్డియన్‌షిప్ పత్రం కూడా అలాంటిదే. అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం ఇచ్చే కాగితం. ఇచ్చేది కమిటీ, కోర్టు కాదు.

ఓటెయ్యడానికి డాక్టర్ సర్టిఫికెట్ కావాలా?

అక్కర్లేదు. ఎవరైనా అడిగితే ఏ సెక్షన్ కింద అడుగుతున్నారో రాసివ్వమనండి, అక్కడితో సర్దుకుంటారు.

సదరం సర్టిఫికెట్ (ప్రభుత్వం ఇచ్చే వైకల్య సర్టిఫికెట్) ఉంది, పెన్షన్ వస్తోంది. ఓటుకి వెళ్తే "బాగానే ఉన్నాడుగా" అని పెన్షన్ ఆపేస్తారేమో?

నవ్వుకోకండి, ఊళ్ళల్లో ఇది నిజమైన భయం. నెలనెలా వచ్చే ఆ డబ్బుతోనే మందులు కొనే ఇళ్ళున్నాయి. పెన్షన్‌కి ఆధారం సదరంలో రాసిన వైకల్య శాతం. మానసిక జబ్బులకి ఆ శాతాన్ని ఐడియాస్ అనే స్కేలుతో లెక్కేస్తారు: తన పని తాను చేసుకోగలడా, మనుషులతో ఎలా ఉంటాడు, మాట ఎలా ఉంది, ఉద్యోగం చెయ్యగలుగుతున్నాడా, జబ్బు ఎన్నేళ్ళుగా ఉంది, ఇవీ అందులో చూసేవి. ఓటేశాడా లేదా అనేది ఎక్కడా లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక జబ్బు కూడా ఉంది, అదే చట్టం సెక్షన్ 11లో పోలింగ్ కేంద్రాలూ ఎన్నికల సామగ్రీ వీళ్ళకి అందుబాటులో, అర్థమయ్యేలా ఉండాలని ఎన్నికల సంఘాల మీద బాధ్యత పెట్టింది. ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు వచ్చి ఓటెయ్యాలనే కదా ఆ సెక్షన్!

వాడికేం తెలుసండీ, ఎవరికి వెయ్యమంటే వాళ్ళకి వేస్తాడు. అలాంటి ఓటు ఎందుకు?

ఈ ప్రశ్న బయటివాళ్ళకంటే ఇంట్లోవాళ్ళే ఎక్కువ అడుగుతారు, కాబట్టి కాస్త ఎక్కువే మాట్లాడతాను.

ఓటెయ్యడానికి తెలివి పరీక్ష మన దేశంలో ఎవరికీ లేదు. కులం చూసి వేసేవాళ్ళు, ముందురోజు రాత్రి చేతిలో పడ్డ నోటు చూసి వేసేవాళ్ళు, హీరో మీద అభిమానంతో వేసేవాళ్ళు, మా ఆయన చెప్పాడని వేసేవాళ్ళు, అందరూ అదే లైన్లో నిలబడతారు, ఎవరినీ ఎవరూ "నీకేం తెలుసు" అని అడగరు. ఒక్క మనవాడి దగ్గరకొచ్చేసరికి అర్హత గుర్తొస్తుంది. ఇంకో తమాషా ఏంటంటే, డబ్బులు పంచడానికి వచ్చిన వాళ్ళకి మాత్రం ఆ ఓటు బాగా గుర్తుంటుంది. ఇంట్లో ఎన్ని ఓట్లు అని అడిగితే లెక్కలో అతన్ని కలిపే చెప్తారు, డబ్బు తీసుకుంటారు, పోలింగ్ రోజు మాత్రం గది గడియ పెట్టి వెళ్తారు.

భ్రమల సంగతికి వద్దాం. ఫలానా నాయకుడు నా మెదడులో చిప్ పెట్టాడని నమ్మే మనిషి ఆ కోపంతోనే ఆ నాయకుడికి వ్యతిరేకంగా వెయ్యొచ్చు. వెయ్యనివ్వండి. ఓటు ఎందుకు వేశావని చట్టం ఎవరినీ అడగదు. అయితే చాలామందికి భ్రమ ఒక మూలన ఉంటుంది, మిగతా బుర్ర మామూలుగానే పనిచేస్తూ ఉంటుంది. మా తమ్ముడికి పక్కింటి వాళ్ళ మీద ఉన్న అనుమానాలు మందులతో కూడా పూర్తిగా పోలేదు, కానీ పీహెచ్‌సీలో తను వాడే బిళ్ళ ఏ నెల స్టాకు లేదో, ఎవరి హయాంలో సక్రమంగా వచ్చిందో నాకంటే వాడికే బాగా తెలుసు. మందుల సరఫరా మీద అభిప్రాయం ఉన్న ఓటరు వాడు. మా వీధిలో అలాంటి ఓటర్లు ఇంకెందరున్నారో చెప్పలేను.

2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మందికి ఆ సమయానికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఏ నియోజకవర్గంలోనైనా ఇది గెలుపోటములు మార్చే సంఖ్యే. అయినా ఎర్రగడ్డ పేరు ఎన్నికల సభల్లో ఎదుటివాడిని తిట్టడానికి వినబడినంతగా, అక్కడ ఎన్ని మంచాలున్నాయి, ఎంతమంది డాక్టర్లున్నారు అని అడగడానికి వినబడదు. ఓటు లేని వాళ్ళ గురించి ఎవరు మాట్లాడతారు?

పేరు ఎలా చేర్చాలి?

అందరిలాగే, ఫారం 6. ఆన్‌లైన్లో ఎన్నికల సంఘం ఓటర్ పోర్టల్లో గానీ, బీఎల్ఓ దగ్గర గానీ. ఏడాదికి నాలుగు అర్హత తేదీలు ఉన్నాయి ఇప్పుడు: జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1. నామినేషన్లు మొదలయ్యాక పరిగెత్తకండి, విచారణకి టైమ్ పడుతుంది. ఫారంలో వైకల్యం గురించి ఒక గడి ఉంటుంది, నింపాలా వద్దా అన్నది మీ ఇష్టం. నింపితే ఉపయోగం కింద ఇంటి ఓటు దగ్గర చెప్తాను. ఇప్పటికే ఓటు ఉండి ఆ గుర్తు తర్వాత చేర్పించుకోవాలంటే, లేదా అడ్రసు మార్చాలంటే ఫారం 8.

ఇంటింటికీ వచ్చినప్పుడు బీఎల్ఓ "ఇంట్లో 18 నిండినవాళ్ళు ఎంతమంది?" అని అడుగుతారు. ఆ ఒక్క క్షణంలోనే చాలా ఓట్లు పోతాయి. గదిలో ఉన్న మనిషిని లెక్కలో చెప్పండి.

పేరు ఉండేది, ఇప్పుడు లేదు. ఎవరో తీయించేశారు.

పేరు తీసెయ్యాలంటే ఫారం 7 రావాలి, లేదా ఓటరు నమోదు అధికారి తనంతట తాను చర్య తీసుకోవాలి. ఎలా జరిగినా ఆ మనిషికి నోటీసు ఇచ్చి, తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. "మతి లేదు" అని రాస్తే కోర్టు ఆర్డరు కాపీ ఎక్కడ అని అడగండి. కానీ ఎక్కువసార్లు అలా రాయరు, "ఇక్కడ ఉండట్లేదు" అని రాస్తారు, ఆసుపత్రిలో ఉన్న టైమ్‌లో బీఎల్ఓ వచ్చి చూస్తే మనిషి కనబడడు కాబట్టి. అధికారి నిర్ణయం నచ్చకపోతే 15 రోజుల్లో జిల్లా కలెక్టర్ స్థాయిలో అప్పీలు, అక్కడా కాకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. అప్పీళ్ళ ఓపిక లేకపోతే మళ్ళీ ఫారం 6 వెయ్యండి, చాలాసార్లు అదే త్వరగా తేలుతుంది. తెలిసి అబద్ధం రాసి ఫారం ఇస్తే ఏడాది వరకు జైలు పడొచ్చని 1950 చట్టం సెక్షన్ 31 చెప్తోంది, ఆస్తి గొడవలున్న చుట్టాలకి ఈ సంగతి ఒకసారి వినబడేలా చెప్పడంలో తప్పు లేదు.

మానసిక ఆసుపత్రిలో ఉన్నవాళ్ళ సంగతేంటి?

ఇక్కడే చిక్కుంది. 1950 చట్టం సెక్షన్ 20 ప్రకారం, మానసిక ఆసుపత్రిలో రోగిగా ఉన్నంత మాత్రాన ఆ ఆసుపత్రే అతని మామూలు నివాసం అయిపోదు. అలాగే ఇంటి నుంచి తాత్కాలికంగా బయటికెళ్ళినంత మాత్రాన ఇంటి అడ్రసు మీద ఉన్న హక్కూ పోదు. నెలో రెండు నెలలో ఉండి వచ్చేవాళ్ళకి ఈ రెండూ కలిసి మేలే చేస్తాయి, ఇంటి దగ్గర ఓటు భద్రంగా ఉంటుంది. పోలింగ్ రోజున ఆసుపత్రిలో ఉంటే, తనంతట తాను చేరినవాళ్ళు డిశ్చార్జి అడగొచ్చు, ఇంట్లోవాళ్ళు చేర్పించిన వాళ్ళకి 2017 చట్టం సెక్షన్ 91 కింద వైద్యాధికారి సెలవు ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అంటే ఇవ్వాలని కాదు. అందుకే నాలుగు రోజుల ముందే రాతపూర్వకంగా అడగండి.

ఇరవై ఏళ్ళుగా ఆసుపత్రిలోనే ఉండిపోయిన వాళ్ళకి మాత్రం ఇదే సెక్షన్ గోడలా అడ్డం నిలబడుతుంది. జబ్బు తగ్గింది, తీసుకెళ్ళేవాళ్ళు లేరు, ఇంటి అడ్రసు ఎప్పుడో మారిపోయింది. ఇల్లు ఇల్లు కాదు, ఆసుపత్రి అడ్రసు కాదు, మరి ఆ మనిషి ఎక్కడి ఓటరు?

దీనికి చెన్నైలో ఒక దారి చూపించారు. కీల్పాక్‌లోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ 1794లో మొదలైంది, దేశంలోని పాత మానసిక ఆసుపత్రుల్లో ఒకటి. 2019 లోక్‌సభ ఎన్నికల్లో అక్కడ ఉంటున్నవాళ్ళలో వందమందికి పైగా ఓటర్లుగా నమోదై ఏప్రిల్ 18న ఆసుపత్రి ఆవరణలోనే పెట్టిన బూత్‌లో ఓటేశారు. అదే ఏడాది కోల్‌కతాలోని పావ్‌లోవ్ ఆసుపత్రిలో ఉంటున్నవాళ్ళు కొందరు కూడా ఓటేశారు. పేపర్లలో ఫొటోలు వచ్చాయి, సిరా వేలు చూపిస్తూ. రెండుచోట్లా చట్టం ఒక్క అక్షరం మారలేదు. సాయపడేవాళ్ళు పూనుకున్నారు, అధికారులు సరే అన్నారు, పని జరిగింది. ఎర్రగడ్డలో గానీ విశాఖ ఆసుపత్రిలో గానీ మీవాళ్ళు అలా ఏళ్ళ తరబడి ఉండిపోతే, సూపరింటెండెంట్‌కీ జిల్లా ఎన్నికల అధికారికీ కలిపి ఒక ఉత్తరం రాయండి, అందులో 2019 చెన్నై సంగతి తప్పకుండా ప్రస్తావించండి. ముందు ఒకచోట జరిగిందని తెలిస్తే ఆఫీసుల్లో ఫైలు కదులుతుంది.

రోడ్డు మీద తిరిగే వాళ్ళకి ఓటా?

ఔను. ఇల్లు లేనివాళ్ళకి అడ్రసు రుజువు అడగకూడదన్నది ఎన్నికల సంఘం సూచనే. ఫారంలో రాసిన చోట ఆ మనిషి నిజంగా పడుకుంటున్నాడా అని బీఎల్ఓ రాత్రిపూట వెళ్ళి చూడాలి, ఒకసారి కాదు. షెల్టర్లు నడిపేవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

పోలింగ్ బూత్‌లో ఏం జరుగుతుందో ముందే చెప్తే మావాడికి టెన్షన్ తగ్గుతుంది. కాస్త వివరంగా చెప్తారా?

చెప్తాను, నా దృష్టిలో మొత్తం పేజీలో పనికొచ్చే జవాబు ఇదే.

లోపలికెళ్ళగానే మొదటి అధికారి గుర్తింపు కార్డు చూసి, జాబితాలో పేరు వెతికి, పేరూ వరస నంబరూ గట్టిగా చదువుతారు. పక్కన బెంచీ మీద కూర్చున్న ఏజెంట్లు తమ దగ్గరున్న కాగితాల్లో టిక్ పెట్టుకుంటారు. మనకి ఇది మామూలే. నన్ను ఎవరో గమనిస్తున్నారనే అనుమానం జబ్బులో భాగంగా ఉన్న మనిషికి మాత్రం, ముక్కూమొహం తెలియని నలుగురు తన పేరు విని రాసుకోవడం ఎలా ఉంటుందో ఊహించండి. వెనక్కి తిరిగి వచ్చేసేది ఎక్కువగా ఈ దగ్గరే. అందుకని ముందురోజే చెప్పాలి: నీ ఒక్కడి పేరే కాదు, అందరి పేర్లూ అలాగే చదువుతారు, దొంగ ఓటు పడకుండా చూడ్డానికి. వీలైతే మీరు ముందు నిలబడండి, మీ పేరు చదవడం వాళ్ళు విన్నాక తమ పేరు చదివితే అంత కంగారుండదు.

రెండో అధికారి ఎడమచేతి చూపుడు వేలికి సిరా పెట్టి, రిజిస్టర్లో సంతకమో వేలిముద్రో తీసుకుని ఒక చీటీ ఇస్తారు. మూడో అధికారి ఆ చీటీ తీసుకుని కంట్రోల్ యూనిట్ మీద బటన్ నొక్కుతారు. అప్పుడు అట్ట అడ్డం పెట్టిన బల్ల దగ్గరికి ఒక్కరే వెళ్ళాలి. గుర్తు పక్కన నీలం బటన్ నొక్కితే ఎర్ర లైటు వెలుగుతుంది, పక్కన వీవీప్యాట్ పెట్టె అద్దంలో వేసిన గుర్తుతో చీటీ 7 సెకన్లు కనబడి కింద పడిపోతుంది, పెద్దగా బీప్ మోగుతుంది. ఆ బీప్ గురించి కూడా ముందే చెప్పండి. చప్పుళ్ళకి ఉలిక్కిపడే వాళ్ళుంటారు, తప్పు చేశామేమో అని భయపడతారు.

ఎవరూ నచ్చకపోతే అన్నిటికంటే కింద నోటా ఉంటుంది, 2013 నుంచి. ఫోను లోపలికి తీసుకెళ్ళనివ్వరు. కంగారొస్తే పాటలు పెట్టుకునో, ఎవరికో ఫోన్ చేసో కుదుటపడే వాళ్ళకి ఇది పెద్ద దెబ్బ, దానికి బదులు చేతిలో ఇంకేదైనా ఉండేలా చూసుకోండి. మా తమ్ముడు జేబురుమాలు నలుపుతూ నిలబడతాడు.

ఇంట్లో ఒకసారి రిహార్సల్ చెయ్యడం మంచిది. ఎన్నికల ముందు ఊళ్ళల్లో, ఆఫీసుల దగ్గర ఈవీఎం నమూనా పెట్టి చూపిస్తారు, అక్కడికి తీసుకెళ్తే ఇంకా మంచిది. బూత్ ఏ బడిలో ఉందో ముందురోజు సాయంత్రం అలా నడిచి చూసొస్తే సగం భయం పోతుంది.

నేను లోపలిదాకా తోడు వెళ్ళొచ్చా?

గదిలోకి, అంటే అట్ట వెనక్కి, మామూలుగా కుదరదు. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49ఎన్ అనే నియమం ఉంది, తోడు గురించి. చూపు లేకపోవడం లేదా ఇతర శారీరక బలహీనత వల్ల గుర్తు చూడలేని, బటన్ నొక్కలేని వాళ్ళకి 18 నిండిన ఒక తోడుని ప్రిసైడింగ్ ఆఫీసర్ అనుమతిస్తారు. ఆ తోడు ఆరోజు ఇంకొకరికి తోడుగా వెళ్ళకూడదు, ఓటు గుట్టు బయటపెట్టనని రాసివ్వాలి. నియమంలో ఉన్నది శారీరక బలహీనతే, మానసిక జబ్బు మాట లేదు. ఇది మారాలని నా కోరిక. అప్పటిదాకా, వరుసలో పక్కన నిలబడటం, ముందు మీరు వేసి బయట గుమ్మం దగ్గర కనబడేలా ఉండటం చెయ్యగలరు. కాస్త రద్దీ తక్కువున్నప్పుడు ప్రిసైడింగ్ ఆఫీసర్‌తో నెమ్మదిగా చెప్తే చాలామంది అర్థం చేసుకుంటారు. వికలాంగులకి లైన్లో ఉండకుండా ముందే పంపే సదుపాయం ఉంది, యూడీఐడీ కార్డు (వైకల్య గుర్తింపు కార్డు) చూపించి అడగండి. ఓటర్ కార్డు లేనప్పుడు గుర్తింపుగా కూడా ఆ కార్డు చెల్లుతుంది.

తోడు వెళ్ళేవాళ్ళకి ఒక మాట. "సైకిల్‌కి వేశావా, ఫ్యాన్‌కి వేశావా" అని బయటికి రాగానే అడక్కండి. మందు బిళ్ళ నుంచి స్నానం దాకా అన్నీ మనం అడిగి చూసే మనిషికి, మనకి చెప్పక్కర్లేని పని ఇదొక్కటే ఉంది.

ఇంటి నుంచే ఓటెయ్యొచ్చట కదా?

40 శాతం, ఆపైన వైకల్యం సర్టిఫికెట్ ఉండి, ఓటర్ల జాబితాలో ఆ గుర్తు పడి ఉంటే, ఫారం 12డి ఇచ్చి అడగొచ్చు. నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లో ఇవ్వాలి, కాబట్టి బీఎల్ఓ కోసం ఎదురు చూడకండి, మీరే అడగండి. ఒకసారి ఒప్పుకున్నాక బూత్‌లో వెయ్యనివ్వరు.

ఇల్లు కదల్లేని వాళ్ళకి, జనంలోకి వెళ్తే పానిక్ వచ్చేవాళ్ళకి మంచి ఏర్పాటే. కానీ ఇంటికొచ్చేది ఒక్కరు కాదు, ఇద్దరు పోలింగ్ అధికారులు, వీడియో తీసే మనిషి, పోలీసు, ఇంకా పార్టీల ఏజెంట్లు కూడా రావొచ్చు. అనుమానాలు ఎక్కువున్న మనిషికి ఇంట్లోకి కెమెరా రావడం కంటే బడిలో లైన్లో నిలబడటమే తేలిక. మీవాళ్ళని అడిగి తేల్చుకోండి.

మందులు వేసుకుంటే మగతగా ఉంటాడు, పైగా ఎండ.

2024లో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పోలింగ్ మే 13న జరిగింది, ఆ ఎండ గుర్తుంది కదా. లిథియం వాడేవాళ్ళు ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవాలి, నీరు తగ్గితే రక్తంలో ఆ మందు మోతాదు పెరిగి వణుకు, వాంతులు, అయోమయం మొదలవుతాయి. కొన్ని యాంటీసైకోటిక్ మందులు కూడా వేడిని తట్టుకునే శక్తి తగ్గిస్తాయి. నీళ్ళ సీసా, గొడుగు, కుదిరితే పొద్దున్నే ఏడు గంటలకే. పొద్దున మగత వదలని వాళ్ళయితే సాయంత్రం పూట వెళ్ళండి. ఓటు కోసం ఆ పూట మందు మానెయ్యమని మాత్రం ఎవరు చెప్పినా వినకండి, టైమ్ మార్చాలంటే మీ డాక్టర్‌ని ముందే అడగండి.

బూత్‌లో ఏజెంటు "ఇతనికి మెంటల్, ఓటెయ్యనివ్వకండి" అంటే?

ఏజెంటు అభ్యంతరం పెట్టగలిగేది ఒక్క విషయం మీదే: ఈ మనిషి ఈ పేరుగలవాడేనా కాదా. దానికీ 2 రూపాయలు కట్టి ఛాలెంజ్ చెయ్యాలి. మానసిక స్థితి మీద ఛాలెంజ్ లేదు. జాబితాలో పేరుండి, గుర్తింపు సరిపోతే ప్రిసైడింగ్ ఆఫీసర్ ఓటెయ్యనివ్వాలి. వినకపోతే సెక్టార్ ఆఫీసర్‌ని పిలవమనండి, ఎన్నికల హెల్ప్‌లైన్ 1950 నంబరుకి ఫోన్ చెయ్యండి. లోపల అరిచి గొడవ చేస్తే మాత్రం ఎవరినైనా బయటికి పంపే అధికారం ప్రిసైడింగ్ ఆఫీసర్‌కి ఉంది, కాబట్టి మనవాళ్ళ తరఫున మనమే గొంతు పెంచి పని చెడగొట్టకూడదు.

రాజకీయాలు తలకెక్కితే జబ్బు తిరగబెడుతుందేమో?

భయం ఊరికే పుట్టింది కాదు. బైపోలార్ ఉన్నవాళ్ళకి ఎన్నికల హడావుడి, నిద్ర లేని రాత్రులు, రోజంతా టీవీ డిబేట్లు, ఇవన్నీ కలిసి మేనియాని, అంటే జబ్బులో అతి హుషారు దశని, ఎగదోస్తాయి. జెండా పట్టుకుని తిరగడంతో మొదలై, ఉన్న డబ్బంతా ఫ్లెక్సీలకి పెట్టేదాకా వెళ్ళొచ్చు. చూడాల్సింది రాజకీయాన్ని కాదు, నిద్రని. రెండు రాత్రులు వరసగా నిద్ర లేకపోయినా హుషారుగా ఉంటే డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. నిద్ర బాగుంటే ప్రచారానికి వెళ్ళనివ్వండి, పదిమందితో కలిసి తిరగడం ఇంట్లో గోడ చూస్తూ కూర్చోవడం కంటే నయం.

పోటీ చెయ్యొచ్చా?

చెయ్యొచ్చు. ఎంపీకి రాజ్యాంగం 102, ఎమ్మెల్యేకి 191 అధికరణలు, అక్కడా అడ్డం అదే: కోర్టు ప్రకటన ఉంటేనే అనర్హత.

చట్టం ఒప్పుకున్నా జనం ఒప్పుకుంటారా అంటే, రెండు ఉదాహరణలు చూడండి. 1972లో అమెరికాలో ఉపాధ్యక్ష అభ్యర్థి థామస్ ఈగిల్టన్ డిప్రెషన్‌కి కరెంటు చికిత్స తీసుకున్నాడని బయటపడగానే రోజుల వ్యవధిలో టికెట్టు నుంచి తప్పించారు. 1998లో నార్వే ప్రధాని షెల్ మాగ్నె బొందెవిక్ తనకు డిప్రెషన్ అని తనే చెప్పి మూడు వారాలకి పైగా సెలవు పెట్టాడు, తిరిగొచ్చి పనిచేశాడు, తర్వాత 2001లో మళ్ళీ ప్రధాని అయ్యాడు. మనదగ్గర ఇంతవరకూ ఒక్క పెద్ద నాయకుడు కూడా నేను సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్తున్నానని చెప్పగా నేను వినలేదు. గుండెకి స్టెంట్ వేయించుకుంటే మాత్రం బులెటిన్ వస్తుంది.

ఓటు కాకుండా ఇంకేం చెయ్యొచ్చు?

గ్రామసభలో మాట్లాడొచ్చు, 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు వెయ్యొచ్చు. పీహెచ్‌సీకి మానసిక జబ్బు మందులు ఏ నెలలో ఎన్ని వచ్చాయో అడిగి చూడండి. అన్నిటికంటే తక్కువమందికి తెలిసిన సంగతి, 2017 చట్టం కింద ఏర్పడే మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డులది. ఆసుపత్రుల్లో రోగుల ఫిర్యాదులు వినేది వీళ్ళే. జిల్లా జడ్జి స్థాయి మనిషి అధ్యక్షతన ఉండే ఆ బోర్డులో రెండు స్థానాలు జబ్బు ఉన్నవాళ్ళకి, కేర్‌గివర్లకి, వాళ్ళ తరఫు సంస్థలకి కేటాయించినవే. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో కూడా జబ్బు ఉన్నవాళ్ళ తరఫున ఇద్దరికి చోటుంది. మీ జిల్లా బోర్డులో ఆ రెండు కుర్చీల్లో ఎవరున్నారో, అసలు ఎవరైనా ఉన్నారో లేదో, సమాచార హక్కు దరఖాస్తుకి అది మంచి ప్రశ్న.

ఈసారి వెళ్ళనంటున్నాడు. బలవంతం చెయ్యాలా?

వద్దు. ఓటెయ్యకపోవడం కూడా అతని ఇష్టమే, ఇంట్లో మిగతావాళ్ళకి ఉన్నట్టే. ఒక ఎన్నికకి వెళ్ళకపోతే జాబితాలోంచి పేరు తీసెయ్యరు. పొద్దున వద్దన్నవాళ్ళు మధ్యాహ్నం నాలుగింటికి చెప్పులు వేసుకుని బయల్దేరడం చాలా ఇళ్ళల్లో జరిగే పనే, అందుకే ఓటర్ స్లిప్పూ కార్డూ కనబడేచోట పెట్టి ఉంచండి, మాటిమాటికీ అడక్కండి. అసెంబ్లీ జాబితానే పంచాయతీ ఓటర్ల జాబితాకి కూడా ఆధారం, అందులో పేరు నిలబడి ఉంటే సర్పంచ్ ఎన్నికలు వచ్చినప్పుడు ఊరి మనిషినే ఎన్నుకోవడం కాబట్టి ఇంకా తేలిగ్గా వస్తాడు.